మే నెల పెండ్లికి సాటిన్ టోపీ: పాలిస్టరా, పట్టా, అసలు టోపీ అవసరమా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
అందరికీ వందనాలు. మా అక్క పెండ్లి మే నెలలో మా సంఘ మందిరంలో జరగనున్నది. తెల్ల చీర, దాని మీద పొడవాటి నెట్ ముసుగు మా వైపు వధువులందరికీ ఉండేవే. అక్క మాత్రం ముసుగుతో పాటు తలపై చిన్న గుండ్రటి సాటిన్ టోపీ కావాలని ఎంతో ఇష్టంగా అడుగుతున్నది. కుట్టవలసింది నేను. బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడతాను గాని టోపీ ఎన్నడూ కుట్టలేదు. మా వీధిలోని దర్జీ అన్న పాలిస్టర్ సాటిన్ చాలునంటున్నాడు. పెద్దమ్మ పట్టు సాటిన్ తప్ప మరొకటి ముట్టవద్దంటున్నది. సంఘంలోని పెద్దవాళ్లలో కొందరు టోపీయే వద్దంటున్నారు. మీ అభిప్రాయాలను కారణాలతో సహా చెప్పగలరు.

జడ్చర్ల దర్జీ:
అమ్మా, సాటిన్ అన్నది పోగు పేరు కాదు, నేత పేరు. ఒక పోగు నాలుగు పోగుల మీదుగానో ఏడు పోగుల మీదుగానో సాగి ఒక్కదాని కిందికి దిగుతుంది. పైన అంత పొడవున పోగు తేలి ఉండడం వల్లనే ఆ మెరుపు వస్తుంది, గోరు తగిలినా గాజు తగిలినా పోగు లేచిపోవడానికీ అదే కారణం. కాబట్టి మెరుపు కోసమే అయితే పట్టు, పాలిస్టర్ రెండూ మెరుస్తాయి. తేడా తెలిసేది తలకు తగిలినప్పుడు. గాలిలోని తేమను పట్టు తన బరువులో సుమారు 11 శాతం, నూలు 8 శాతానికి పైగా పీల్చుకోగలవు. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. మే నెలలో మిర్యాలగూడలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అటువంటి రోజున పాలిస్టర్ నేరుగా మాడుకు తగిలితే చెమట ఎటూ పోలేక నుదుటి మీదికి కారుతుంది.

అందుకని నా మాట ఇది: బయటి గుడ్డ గురించి జరిగే వాదం చిన్నది, లోపలి గుడ్డ గురించే ఎక్కువ ఆలోచించాలి. గుజరాత్‌లోని పాటన్‌లో నేటికీ నేసే మష్రూ అనే గుడ్డలో పైకి పట్టు సాటిన్ మెరుస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. అంత దూరం పోనక్కర లేదు, మన గద్వాల చీరలో కూడా ఒంటి మీద ఉండేది నూలు, నలుగురికీ కనబడే అంచూ కొంగూ పట్టు. మీ టోపీకి పైన పాలిస్టర్ సాటిన్ వేసి, లోపల మెత్తటి తెల్ల మల్ గుడ్డతో పూర్తి లైనింగ్ ఇవ్వండి. చుట్టు అంచున లోపలి వైపు ఒక అంగుళం వెడల్పున నూలు పట్టీ వేసి దాన్ని చేతికుట్టుతోనే బిగించండి, చెమట ఎక్కువగా పట్టేది అక్కడే.

కొలత నుదురు చుట్టూ తీయవద్దు. జడ లేదా కొప్పు వేసి, పూలు కూడా పెట్టిన తర్వాత టోపీ ఎక్కడ కూర్చుంటుందో అక్కడ టేపు చుట్టండి. ఆ చుట్టుకొలత 19 అంగుళాలు వచ్చిందనుకుందాం, దాన్ని 6.28తో భాగిస్తే 3 అంగుళాలు. పైచక్రానికి అదే వ్యాసార్ధం, కుట్టుకోసం అర అంగుళం అదనంగా వదలాలి. పక్క పట్టీ ఎత్తు 3 అంగుళాలు చాలు. ఆ పట్టీని మాత్రం తప్పకుండా క్రాసులో, అంటే పోగుకు ఐమూలగా కోయండి. నిలువు పోగున కోసిన సాటిన్ వంపు మీద ముడతలు పడి నిలుస్తుంది.

దేవరకొండ, పాస్టరమ్మ:
వందనాలు. మీ అక్క ఇష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కాని మా పెద్దవాళ్లు వద్దనడానికి కారణం ఉన్నది, అది కూడా ఇక్కడ వినబడాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయాన్ని బట్టి మన ఆడవాళ్లు ప్రార్థనలో తల కప్పుకుంటారు. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల బాప్టిస్టు, మెన్నొనైట్ సంఘాలలో అమ్మమ్మల కాలం నుంచి ఆ పని చేసింది చీర కొంగు. కొంగు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ భేదం ఉండదు, ప్రతి చీరకూ కొంగు ఉంటుంది. టోపీ అలా కాదు. అది తల కప్పడానికి కాక అలంకరించడానికే ఉన్నదని చూడగానే తెలుస్తుంది. ఒక పెండ్లిలో వచ్చిందంటే రేపు ప్రతి పేదింటి పిల్లా అడుగుతుంది, తల్లిదండ్రులు కాదనలేక అప్పు చేస్తారు. తెల్ల సాటిన్ పెండ్లి దుస్తులకు అంత పేరు తెచ్చిన విక్టోరియా రాణి కూడా 1840లో జరిగిన తన పెండ్లికి టోపీ పెట్టుకోలేదు, తలపై నారింజ పూల దండ, లేసు ముసుగు మాత్రమే ధరించింది. మనకెందుకు?

సూర్యాపేట బట్టల దుకాణం:
హైదరాబాదు నుంచి అద్దెకు తెచ్చే టోపీలున్నాయి కదా అని ఎవరైనా అంటారేమో, అందుకే ముందే చెబుతున్నాను. వాటిలో చాలా మటుకు స్పాంజి మీద సాటిన్‌ను అతికించినవే. ఎందరో పెట్టుకొని ఇచ్చిన టోపీని విప్పి ఉతకడానికి వీలుండదు. పెండ్లికూతురి తలపై అటువంటిది పెట్టడం నాకు మనస్కరించదు. ఇంట్లో కుట్టుకున్నదే మేలు.

నల్లగొండ, కుట్టుపని నేర్పే అక్క:
జడ్చర్ల అన్నగారు లోపలి గుడ్డ గురించి రాసినదంతా ఒప్పుకుంటున్నాను. రెండు విషయాల్లో మాత్రం విభేదిస్తున్నాను.

మొదటిది క్రాస్ కోత. సాటిన్ మెరుపు పోగు సాగిన దిక్కును బట్టి మారుతుంది. పైచక్రాన్ని నిలువు పోగున, పక్క పట్టీని క్రాసులో కోస్తే ఒకే తానులోని గుడ్డ రెండు రంగులుగా కనబడుతుంది, ఫోటో లైట్ల కింద అది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. పైగా ఖర్చు చూడండి. మూడంగుళాల ఎత్తుకు కుట్టు వదలి 4 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు గల పట్టీ కావాలి. గుడ్డ పన్నాకు అడ్డంగా కోస్తే 4 అంగుళాల గుడ్డలో అయిపోతుంది. అదే 45 డిగ్రీల క్రాసులో ఒకే ముక్కగా తీయాలంటే దాదాపు 17 అంగుళాల గుడ్డ పరవాలి. మిగిలేవి మూలల ముక్కలు.

రెండవది, ఎవ్వరూ ప్రస్తావించని బక్రం. టోపీ నిలబడేది సాటిన్ వల్ల కాదు, లోపలి బక్రం వల్ల. మన బజార్లో దొరికే మామూలు బక్రం గంజి పట్టించిన నూలు గుడ్డ. తడి తగిలితే మెత్తబడి కూలబడిపోతుంది. మే నెల మల్లెల కాలం. తడి గుడ్డలో చుట్టి తెచ్చిన మల్లెదండను కొప్పు చుట్టూ చుట్టి, దానికి ఆనించి టోపీ పెడతారు. ఆరాధన ముగిసేసరికి వెనుక వైపు అంచు లోపలికి ఒంగి ఉంటుంది. ఇది నేను పెండ్లిళ్లలో కళ్లారా చూస్తూనే ఉన్నాను. కనుక వెనుక అంచులో సన్నటి ప్లాస్టిక్ బోనింగ్ పట్టీ (అంచు ఒంగకుండా నిలిపే గట్టి పట్టీ) చుట్టూ తిప్పి కుట్టండి, పూలను బాగా ఆరబెట్టిన తర్వాతే పెట్టండి. అంతేకాక బక్రం మీద నేరుగా సాటిన్ వేస్తే బక్రం గళ్లు పైకి తేలి కనబడతాయి, రెంటికీ మధ్య పల్చటి ఫలానెల్ ఒక పొర వేయండి.

పెద్దమ్మగారు చెప్పిన పట్టు సాటిన్‌కు నేను వ్యతిరేకిని కాను. దాని మెరుపులోని లోతు పాలిస్టర్‌కు రాదు. అయితే పట్టు మీద నీటి చుక్క పడినా మచ్చ నిలుస్తుంది, చెమట దాన్ని పసుపు రంగుకు తిప్పుతుంది. మొదటి టోపీ కుట్టేవాళ్లు అంత ఖరీదైన గుడ్డ మీద చేయి వేయకూడదు.

జడ్చర్ల దర్జీ:
అక్కగారూ, బక్రం విషయంలో మీరు రాసింది నూటికి నూరు పాళ్లు నిజం. క్రాసు మీద మాత్రం నా మాట నాదే. పైచక్రం ఆకాశాన్ని చూస్తుంది, పక్క పట్టీ ఎదుటివాళ్లను చూస్తుంది. వెలుగు పడే కోణమే వేరు కాబట్టి ఒకే పోగున కోసినా రెండింటి మెరుపు ఒక్కలా ఉండదు. రెంటినీ కలిపే చోట సన్నటి పైపింగ్ వేస్తే కన్ను ఆ తేడాను తేడాగా పట్టుకోదు, అంచుగా చూస్తుంది. ముడతను దాచడానికి మాత్రం ఏ ఉపాయమూ లేదు. పావు మీటరు పాలిస్టర్ సాటిన్ ఎక్కువైనందుకు ఎవరి ఇల్లూ మునగదు.

చెల్లెమ్మా, అన్నిటికన్నా ముందు కోరా గుడ్డతో ఒక నమూనా టోపీ కుట్టి మీ అక్క తలపై పెట్టి చూడండి. సాటిన్ మీద వేసిన కుట్టును విప్పితే సూది రంధ్రాలు అట్లే ఉండిపోతాయి, సవరణలన్నీ కోరా మీదనే జరగాలి. బ్లౌజులకు వాడే 14, 16 నంబరు సూదులు తీసివేసి 9 లేదా 11 నంబరు కొత్త సూది ఎక్కించండి. గుండుసూదులు కుట్టుకోసం వదలిన అంచులో మాత్రమే గుచ్చండి. ఇస్త్రీ తక్కువ వేడి మీద, తిరగవైపు నుంచి, మధ్యలో నూలు గుడ్డ వేసి చేయండి.

చౌటుప్పల్ నుంచి:
లైనింగ్ నూలుదే కావాలంటే మన పుట్టపాక తేలియా రుమాలు గుడ్డ వాడితే బాగుండదా? పోగులను నూనెలో నానబెట్టి నేసే ఆ గుడ్డ తలకు చలువ అని పేరు, ఒకనాడు అరబ్బు దేశాలకు తలపాగాలుగా పోయింది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన జిల్లా పనితనం మన పిల్ల తలపై ఉంటుంది.

నల్లగొండ, కుట్టుపని నేర్పే అక్క:
ఆలోచన మంచిది, కాని తెల్ల సాటిన్ కింద కాదు. తేలియా రుమాలు రంగులు ఎరుపు, నలుపు, తెలుపు. అంచు తిరిగిన చోట ఆ ఎరుపు కనబడక మానదు. చెమట తడికి ఎంత కొంచెం రంగు వదిలినా టోపీ పాడవుతుంది. ఆ గుడ్డను పెండ్లి తర్వాత దుపట్టాగా పెట్టుకోవచ్చు.

ప్రశ్న అడిగిన చెల్లెలు:
అందరికీ కృతజ్ఞతలు. పైన పాలిస్టర్ సాటిన్, మధ్యలో ఫలానెల్, బక్రం, లోపల మల్ గుడ్డ అని నిర్ణయించుకున్నాను. క్రాసు సంగతి కోరా నమూనా మీద రెండు విధాలా కోసి చూసి తేల్చుకుంటాను. పాస్టరమ్మగారూ, ఇందులో అప్పు చేయవలసినదేమీ లేదు, అర మీటరు గుడ్డా నా శ్రమా అంతే. అయినా మీరు చెప్పిన మొదటి మాట నన్ను ఆలోచింపజేసింది. తల కప్పడం టోపీ వల్ల మరుగున పడకూడదు. దానికి మార్గం ఏమైనా ఉన్నదా?

దేవరకొండ, పాస్టరమ్మ:
ఖర్చు సంగతి మీ ఇంటి మట్టుకు ఒప్పుకుంటాను, ఊరందరి మట్టుకు ఒప్పుకోలేను. ఇక మీరు అడిగినదానికి నా జవాబు ఒక్కటే. ముసుగు టోపీ వెనుక నుంచి వేలాడకూడదు, టోపీ మీదుగా నుదుటి దాకా రావాలి. ముఖం మీది నెట్ వెనుకకు తీసిన తర్వాత కూడా ప్రార్థన సమయంలో ఒక పొర తలపైనే నిలవాలి. అట్లా కుట్టగలిగితే మా సంఘంలోనైనా నేను అడ్డు చెప్పను.

జడ్చర్ల దర్జీ:
కుట్టవచ్చునమ్మా. నెట్‌ను రెండు పొరలుగా తీసుకోండి. చిన్న పొరను టోపీ పైచక్రం మీద పరిచి చుట్టూ చేతికుట్టుతో నాలుగైదు చోట్ల మాత్రం టాకా వేస్తే అది ఎప్పటికీ తలపైనే ఉంటుంది. ముఖం మీదికి వచ్చి వెనుకకు పోయే పొడవాటి పొరను టోపీకి అస్సలు కుట్టవద్దు. దాని బరువుకు టోపీ వెనుకకు లాగబడి నుదుటి దగ్గర లేస్తుంది. ఆ పొరను ఒక దువ్వెన క్లిప్పుకు కుట్టి, ఆ క్లిప్పును కొప్పులోనే గుచ్చండి. టోపీ లోపలి నూలు పట్టీకి రెండు పక్కలా చిన్న దారపు కొక్కేలు వేసి వాటిలోంచి హెయిర్‌పిన్నులు దూర్చండి, కొప్పు కిందుగా సన్నటి తెల్ల ఎలాస్టిక్ ఒకటి పోనివ్వండి. అక్క కిందికి వంగి పెద్దలకు నమస్కారం చేసినా టోపీ కదలకూడదు. కోరా నమూనాతోనే ఒకసారి అట్లా వంగమని చూడండి.