పోస్టులు తగ్గిస్తే ప్రభుత్వ కార్యాలయాల్లో పని మెరుగుపడుతుందా?

ప్రశ్న:
ప్రభుత్వ రంగంలో సంస్కరణ అనగానే ముందుగా వినిపించేది పోస్టుల కోతే. పదవీ విరమణ చేసినవారి స్థానంలో కొత్తవారిని నియమించకపోతే జీతాల భారం తగ్గుతుందన్నది నిజమే గానీ, ఆ ఖాళీ ఏ సెక్షన్‌లో పడుతుందన్నది ఎవరూ ఆలోచించి నిర్ణయించింది కాదు. చాలాసార్లు పని ఎక్కువగా ఉన్న చోటే మనుషులు కరవవుతున్నారు. ఎక్కడ ఎందరు అవసరమో తేల్చేదెలా? అనుభవమున్నవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
పద్దుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన నాకు, కోత లేకుండా ఖర్చు అదుపులోకి రాదనే అనిపిస్తుంది. కెనడా 1995 బడ్జెట్‌లో సుమారు 45,000 పోస్టుల తగ్గింపును ప్రకటించింది. అయితే అంతకుముందే ఒక్కో కార్యక్రమాన్నీ తీసుకుని, ఇది ప్రభుత్వమే చేయవలసిన పనా అని పరిశీలించిన తర్వాతే ఆ అంకెకు వచ్చింది.

రెండవ సమాధానం:
పై మిత్రులు చెప్పిన క్రమం ముఖ్యమైనది. ఆ క్రమం తప్పితే ఏమవుతుందో కూడా కెనడాలోనే చూడవచ్చు. 2016లో ఫీనిక్స్ అనే జీతాల సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టినప్పుడు, అది నిలదొక్కుకోకముందే వివిధ శాఖల్లో జీతాల పని చూసే సుమారు 1,200 పోస్టులను రద్దు చేసి, ఆ పనిని దాదాపు 550 మంది ఉండే ఒకే కేంద్రానికి అప్పగించారు. వేలాది మందికి జీతం తక్కువగానో ఎక్కువగానో పడింది, కొందరికి అసలు అందలేదు.

నేను పనిచేసిన కార్యాలయంలో వచ్చిన ప్రతి దరఖాస్తునూ ఇన్‌వార్డు రిజిస్టరులో ఒకసారి, సెక్షన్ పుస్తకంలో ఒకసారి, కంప్యూటర్లో మరోసారి ఎక్కించేవాళ్లం. ఆపైన ఫైలు అయిదు బల్లలు దాటాలి, అందులో మూడింటి దగ్గర "పరిశీలనార్థం సమర్పించడమైనది" అన్న ఒక్క వాక్యమే చేరేది. ఇద్దరు గుమస్తాలు విరమణ చేశాక కూడా ఆ రిజిస్టర్లు, ఆ బల్లలు అలాగే ఉన్నాయి. వారం పట్టే పనికి నెల పట్టసాగింది, దరఖాస్తుదారులు మళ్లీ మళ్లీ తిరగవలసి వచ్చింది. ముందు ఆ మూడు బల్లలను తీసేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను.

మూడవ సమాధానం:
ఫైలు ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఆగిందో మూడు నెలలు తేదీలతో సహా రాసి చూడండి, మనుషులు ఎక్కడ చాలడం లేదో బయటపడుతుంది. ధ్రువపత్రాలు ఇచ్చే చోట ఈ లెక్క సరిపోతుంది గానీ, అగ్నిమాపక కేంద్రానికి దీన్ని వర్తింపజేయకూడదు. అక్కడ పిలుపు రాని రోజున ఖాళీగా కనిపించే సిబ్బంది అంతా, పిలుపు వచ్చిన నిమిషంలో బండి ఎక్కవలసినవారే.