కిడ్నీ మార్పిడి తర్వాత పేగులో లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్): మందులు తగ్గించి చూడాలా, వెంటనే రిటుక్సిమాబా?

నెఫ్రో_నల్లగొండ:
కిడ్నీ మార్పిడి జరిగిన ఎనిమిదేళ్లకు చిన్నపేగు చివర పుండు, విరేచనాలు. బయాప్సీలో డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా, సీడీ20 పాజిటివ్ (రిటుక్సిమాబ్ గురిపెట్టే ప్రోటీన్ ఆ కణాల మీద ఉంది). ముందు ఇమ్యూనిటీని అణిచే మందులు తగ్గించి రెండు నుంచి నాలుగు వారాలు చూడాలి. 1984లో మార్పిడి సర్జన్ స్టార్జల్ బృందం గడ్డలు కరుగుతాయని చూపింది అలాగే కదా. రిటుక్సిమాబ్‌కి తొందరేముంది?

ఆంకో_విశాఖ:
మొదటి ఏడాదిలో వచ్చేవి ఎక్కువగా ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్) వైరస్ వల్ల సార్. మందులు తగ్గిస్తే ఒంట్లో వైరస్‌తో పోరాడే టీ కణాలే వాటి పని పడతాయి. ఇంత ఆలస్యంగా వచ్చేవాటిలో చాలావాటికి వైరస్ ఉండదు. పైగా ఇది పేగు. గోడ మందమంతా గడ్డే అయితే ఆగినా చిల్లు పడొచ్చు, చికిత్సకు కరిగినా పడొచ్చు. సర్జన్‌కి ముందే చెప్పి, హెపటైటిస్ బీ సర్ఫేస్ యాంటిజెన్, కోర్ యాంటీబాడీ చూసుకుని, రిటుక్సిమాబ్ ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాముల చొప్పున వారానికొకటి, నాలుగు డోసులు ఇవ్వాలి.

నెఫ్రో_నల్లగొండ:
రక్తంలో ఈబీవీ పీసీఆర్ పాజిటివ్. మరి వైరస్ లేదంటారేం?

స్లైడ్_మేడమ్:
రక్తంలో ఉన్నంత మాత్రాన గడ్డలో ఉన్నట్టు కాదు. గడ్డ కణాల్లోనే వైరస్ ఉందో లేదో చూపే ఈబర్ పరీక్ష బయాప్సీ ముక్క మీద వేయాలి. పైపైన రెండు ముక్కలు గిల్లి పంపుతారు, ‘నాన్‌స్పెసిఫిక్ అల్సర్’ అని రాస్తే మమ్మల్నే తిడతారు. లింఫోమా పై పొర కింద దాగి ఉండొచ్చు. ఒకేచోట లోతుగా ఆరేడు ముక్కలు తీయండి. సీఎంవీ (ఇంకో వైరస్), టీబీ పరీక్షలకూ సరిపోవాలి.

నెఫ్రో_నల్లగొండ:
పీసీఆర్ పాజిటివే అంటున్నాను.

గోదారి_గట్టు:
ఆ పీసీఆర్‌ని వదిలేయండి మహాప్రభో.

ఆంకో_విశాఖ:
తగ్గించడమంటే మీ లెక్కలో ఎంత?

నెఫ్రో_నల్లగొండ:
ఇమ్యూనిటీని అణిచే మందుల్లో మైకోఫెనొలేట్ ఆపేశాం. టాక్రోలిమస్ డోసు సగం చేశాం. రక్తంలో దాని లెవెల్ 8.

ఆంకో_విశాఖ:
అంతకుముందు?

నెఫ్రో_నల్లగొండ:
8.

లివర్_గుంటూరు:
విరేచనాలప్పుడు టాక్రోలిమస్ రక్తంలోకి ఎక్కువ వెళ్తుంది. దాన్ని పేగు పొరలోనే విరగ్గొట్టే ఎంజైములు, వెనక్కి నెట్టే పంపులు దెబ్బతింటాయి. అంటే టాక్రోలిమస్ మీరింకా తగ్గించనట్టే. విరేచనాలు ఆగాక అదే డోసు మీద లెవెల్ జారి రిజెక్షన్ (ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టడం) రావచ్చు. వారానికి రెండుసార్లు చూడండి.

ఆంకో_విశాఖ:
అదీ సంగతి! తగ్గించి చూడటం పేరుతో కిడ్నీని కాచుకుంటున్నారు.

నెఫ్రో_నల్లగొండ:
కాచుకోనా మరి? రిజెక్షన్‌తో పోతే యాంటీబాడీలు పెరిగి, రెండో కిడ్నీ కుదరడమే గగనం. లింఫోమా తగ్గాక కూడా కనీసం ఏడాది ఆగాలి. డయాలసిస్ మీకు నోటిమాట.

ఆంకో_విశాఖ:
గుండె మార్పిడైతే ఈ భయం నాకూ ఉండేది. కిడ్నీ పోతే డయాలసిస్ అయినా ఉంది. స్టెరాయిడ్ ఉంచి, టాక్రోలిమస్ లెవెల్ 3కి దించండి.

నెఫ్రో_నల్లగొండ:
5. అంతకన్నా దించను. ఈబర్ రానీయండి, మిగతాది అప్పుడు చూద్దాం.

స్లైడ్_మేడమ్:
మైనంలో పొదిగిన బయాప్సీ బ్లాక్ పంపితే కదా సార్.