వంగ ఆకుల మీద చుక్కల పురుగు: ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: మిద్దె మీద కుండీల్లో వంగ మొక్కలున్నాయండీ. ఆకుల మీద నల్ల చుక్కల గుండ్రటి పురుగులు తిరుగుతున్నాయి. అక్షింతల పురుగుల్ని చంపొద్దంటారు కదా, కానీ ఆకులేమో జల్లెడలా అయిపోతున్నాయి. పక్కన బెండ మీదా దాదాపు ఇలాంటివే ఉన్నా ఆ ఆకులకేమీ కాలేదు. ఏం చేయను?

జవాబు: వంగ మీదవి ఎపిలాక్నా పెంకు పురుగులు అయ్యుంటాయండీ. అక్షింతల పురుగు కుటుంబమే, కాకపోతే ఇవి ఆకు తింటాయి, బెండ మీదవి పేనుబంకను (ఆకుల రసం పీల్చే చిన్న పురుగుల్ని) తింటాయి. 28 చుక్కలుంటాయని రాస్తారు గానీ కదిలే పురుగు మీద ఎవరు లెక్కపెడతారు, వీపు చూడండి చాలు. ఎపిలాక్నా వీపు ఇటుక రంగులో, సన్నటి నూగుతో, మెరుపు లేకుండా ఉంటుంది. పేనుబంకను తినే మంచి పురుగు వీపు నిగనిగలాడుతుంది, కొన్నిటికి చుక్కల బదులు వంకరటింకర నల్ల గీతలుంటాయి.

పిల్ల పురుగుల్లో తేడా ఇంకా తేలిక. ఎపిలాక్నా పిల్ల పసుపు రంగు, ఒళ్ళంతా పాయలు పాయలుగా చీలిన ముళ్ళు, ఆకు అడుగున కదలకుండా కూర్చుని పచ్చదనం గీకేస్తుంది, అందుకే ఈనెలు మిగులుతాయి. మంచిదాని పిల్ల నల్లగా పొడుగ్గా, నారింజ మచ్చలతో చకచకా తిరుగుతూ పేనుబంక కోసం వెతుకుతుంది. గుడ్లను చూసి మాత్రం తేల్చుకోకండి, రెండిటివీ పసుపే, రెండూ గుంపుగానే పెడతాయి.

పొద్దున్నే పురుగుల్ని దులిపి సబ్బు నీళ్ళలో వేయండి, పిల్లలున్న ఆకులు తుంచేయండి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి. బెండ జోలికి వెళ్ళొద్దు.

ఇంకొకరు: ఇదే గొడవ మందార మీద పిండినల్లితో కూడా ఉంటుంది. ఆ తెల్లటి గుంపులో కొంచెం పెద్దగా, పొడుగు మైనం పోగులతో ఒకటి కనిపిస్తే పుల్లతో కదపండి. గబగబా నడిచిందంటే అది పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల కావచ్చు, ఉండనివ్వండి. చాలామంది దాన్నే ముందు నలిపేస్తారు, పెద్దగా ఉందని.

ప్రశ్న: భూతద్దంతో చూశానండీ, నూగు ఉంది. టమాటాకీ పాకుతాయా?

జవాబు: పాకుతాయి, కాకరకి కూడా. ఈరోజే ఆకుల అడుగున చూసేయండి.