మస్టాంగ్ జీటీ 5.0: మైలేజీ ఎంత, కిలోమీటరుకు ఎంత పడుతుంది? (బరంపురం, రాయగడ, కోరాపుట్ వైపు)

బరంపురం బాబు:
2017 మోడల్ మస్టాంగ్ జీటీ ఒకటి బేరానికి వచ్చింది. ఆటోమేటిక్. బండి బరంపురంలోనే ఉంటుంది, వైజాగ్ తరచూ, కోరాపుట్ జిల్లా జైపూర్ అప్పుడప్పుడు. మైలేజీ ఒకరు 4 అంటారు, ఇంకొకరు 10 అంటారు. ఏది నమ్మాలి? పెట్రోలు కాక మిగతా ఖర్చు ఎంత వేసుకోవాలి?

కోరాపుట్ ఘాటీ:
రెండూ నిజమే బాబు గారూ, కొలిచిన రోడ్డే వేరు. 4,951 సీసీ, ఎనిమిది సిలిండర్లు. డాడ్జ్ వాళ్ల ఆటోమేటిక్ ఛాలెంజర్ 5.7 బండిలో మాదిరి తేలిగ్గా వెళ్లేటప్పుడు నాలుగు సిలిండర్లు పడుకోబెట్టే ఏర్పాటు దీనికి లేదు. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డా ఎనిమిదీ తాగుతూనే ఉంటాయి. అమెరికా ప్రభుత్వ పరీక్షలో 2015 ఆటోమేటిక్‌కు ఇచ్చిన అంకెలు మన లెక్కలో ఊళ్లో 6.8, హైవేలో 10.6, కలిపి 8. మన దగ్గర బరంపురం బజారులో 5 నుంచి 5.5, ఎన్‌హెచ్ 16 మీద 90–100లో 9 నుంచి 10, అదే 130 తొక్కితే 7 అనుకోండి. ఆరో గేరులో 100 దగ్గర ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్ల లోపే తిరుగుతుంది, అక్కడే దీని పొదుపంతా.

సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు డిస్‌ప్లేలో 4 కనిపిస్తే కంగారు పడకండి. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసి గేరులోనే ఉంచితే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. న్యూట్రల్‌లో దిగితే ఐడిల్‌కు పెట్రోలు పోస్తూనే ఉంటుంది, పైగా బ్రేకులు కాలతాయి.

గిరిసోల గేటు:
పెట్రోలు ఎక్కడ పోయించాలన్నదీ మైలేజీలో భాగమే. ఈమధ్య రేట్లలో ఒడిశా కంటే ఆంధ్రలో లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. సరిహద్దులోని గిరిసోల దాటకముందే ట్యాంకు నింపండి. ట్యాంకు 61 లీటర్లు. అక్కణ్ణుంచి వైజాగ్ రానుపోను సుమారు 480 కిలోమీటర్లు, 9 చొప్పున 53 లీటర్లు. లెక్కకు సరిపోతుంది గానీ, వైజాగ్‌లో బీచ్ రోడ్డు రెండు చుట్లు కొడితే సరిపోదు. అక్కడ పది లీటర్లు పోయించుకుని, మిగతాది తిరిగొచ్చాక ఒడిశాలో.

జైపూర్ స్పానర్:
ఆయిల్ దగ్గర జాగ్రత్త. 2015–17 ఇంజిన్‌కు ఫిల్టరుతో కలిపి 7.6 లీటర్లు, గ్రేడు 5డబ్ల్యూ-20. నెట్లో కనపడే 9.5 లీటర్ల అంకె 2018 తర్వాతి ఇంజిన్‌ది. ఇండియాలో కంపెనీ అమ్మినవి పాతవే. మెకానిక్ ఫోన్లో చూసి 9.5 పోసేస్తే ఆయిల్ నురగ కట్టి ప్రెషర్ పడిపోతుంది. 7 పోసి, ఒక నిమిషం నడిపి, పది నిమిషాలు ఆగి, గేజు పుల్ల చూస్తూ మిగతాది పోయాలి.

5డబ్ల్యూ-20 జైపూర్, రాయగడ కొట్లలో దొరకడం కష్టం. ముందే తెప్పించి డిక్కీలో పెట్టుకోండి. దొరకలేదని 20డబ్ల్యూ-40 పోయించొద్దు. క్యామ్ టైమింగ్‌ను మార్చే ఫేజర్లు పనిచేయడానికి ఆయిల్ కూడా సాయపడాలి, చిక్కటి ఆయిల్‌తో చల్లటి ఇంజిన్ మీద బద్ధకిస్తాయి. ఫిల్టరు నంబరు ఎఫ్ఎల్-500ఎస్.

బరంపురం బాబు:
ఇండియాలో ఫోర్డ్ తయారీ ఆపేసింది కదా, విడిభాగాల సంగతి?

జైపూర్ స్పానర్:
2021లో ఆపేస్తామని ప్రకటించింది ఇక్కడి ఫ్యాక్టరీల్లో కార్ల తయారీ. మస్టాంగ్ ఎప్పుడూ ఇక్కడ తయారు కాలేదు, అమెరికా నుంచి పూర్తి బండిగా దిగింది. ఇంజిన్ సామాను అమెరికా బండికీ మనదానికీ చాలావరకు ఒకటే, ఆర్డర్ పెడితే వస్తుంది, కస్టమ్స్ సుంకం పడుతుందంతే. ఇబ్బంది కుడిచేతి స్టీరింగుకు సంబంధించినవాటితో: స్టీరింగ్ ర్యాక్, డ్యాష్‌బోర్డు, హెడ్‌లైట్లు. బేరం కుదరకముందు ఇవి చూడండి.

రాయగడ రబ్బరు:
అసలు జేబు కాల్చేది టైర్లు. ముందు 255/40 ఆర్19, వెనక 275/40 ఆర్19. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అరుగుదల పంచే వీలు లేదు. వెనకవి ముందే అయిపోతాయి. జత 60,000 పడి 20,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 3 రూపాయలు. ఊరికే చక్రాలు గిర్రున తిప్పి పొగ లేపేవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్ల లెక్క దేవుడికే తెలియాలి.

ఆయిల్, ఫిల్టరు కలిపి 10,000 అనుకుని 8,000 కిలోమీటర్లకోసారి మారిస్తే 1.25. పెట్రోలు 101 చొప్పున ఊళ్లో 18–20, హైవేలో 10–11. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ 1,500 సీసీ దాటినవాటికి ఏడాదికి 7,897, దాని మీద పన్ను. ఓన్ డ్యామేజీ, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేది, బండి విలువను బట్టి, అదే పెద్దది. ఏడాదికి 5,000 మాత్రమే తిప్పితే పెట్రోలు కంటే ఇన్సూరెన్సే కిలోమీటరుకు ఎక్కువ పడినా ఆశ్చర్యం లేదు.

దామన్‌జోడి దుమ్ము:
ఇటువైపు ఎర్రదుమ్ముకు ఎయిర్ ఫిల్టరు బేగి నిండిపోతుంది, ప్రతి ఆయిల్ మార్పుకూ తీసి చూడాలి. నూనె పూసిన స్పోర్ట్స్ ఫిల్టరు వద్దు గురూ. ఆ నూనె గాలిని కొలిచే సెన్సారు మీద చేరితే లెక్క తప్పి మైలేజీ పడిపోద్ది, గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదని చెప్పే పీ0171, పీ0174 కోడ్లు రెండూ కలిసి వస్తాయి. ఆ సెన్సారు కోసమే అమ్మే ఎంఏఎఫ్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆరనివ్వాలి, గుడ్డ పెట్టి తుడవకూడదు, లోపలి తీగ తెగుద్ది.

ఈ20 సంగతి: ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. 20 శాతం కలిస్తే మైలేజీ 6–7 శాతం దాకా తగ్గడం మామూలే, దాన్ని రిపేరు అనుకుని ఇంజెక్టర్లు విప్పించొద్దు. మాన్యువల్లో ఇథనాల్ ఎంత శాతం దాకా పరవాలేదన్నారో చూడండి. వానాకాలం బండి కదలకుండా ఉంటే ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ జాగాలోని తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది.

కోరాపుట్ ఘాటీ:
ఇంకోటి. దీనికి పెట్రోలు మూత ఉండదు, లోపల రేకు తలుపులే. ఘాట్‌లో పెట్రోలు అయిపోయి క్యాన్‌తో తెస్తే మామూలు గరాటుకు ఆ తలుపులు తెరుచుకోవు. బండితో ఇచ్చిన గరాటు డిక్కీలో ఉందో లేదో చూసుకోండి.

రాయగడ రబ్బరు:
బాబు గారూ, చూడ్డానికి వెళ్లినప్పుడు టైరు పక్కన నాలుగంకెల ముద్ర చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. నాలుగు టైర్ల ధర బేరంలో తగ్గించమనండి, ఒప్పుకోకపోతే ఇంకో బండి చూద్దాం.