కాల్షియం స్కోరు సున్నా వస్తే స్టాటిన్ అక్కర్లేదా?

లెక్కలమాస్టారు: చర్చకు ఒక ఉదాహరణ తీసుకుందాం. 58 ఏళ్ల మగవాడు. షుగర్ లేదు, పొగ అలవాటు లేదు, బీపీకి మాత్ర వాడుతున్నాడు. మొత్తం కొలెస్ట్రాల్ 240, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 42, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 180. 240లోంచి 42, 180లో అయిదో వంతు 36 తీసేస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 162. పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు మధ్యస్థం, అంటే 2018 అమెరికా లెక్కలో 7.5–20 శాతం మధ్య. గుండె నాళాల్లో సున్నం (కాల్షియం) ఎంత పట్టిందో సీటీ స్కాన్‌లో చూసి చెప్పే కాల్షియం స్కోరు మాత్రం సున్నా. ఇతనికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇప్పుడే అక్కర్లేదంటాను. షుగర్, పొగ, చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చిన కుటుంబ చరిత్ర లేకపోతే స్టాటిన్ ఆపి, 5–10 ఏళ్లకు మళ్లీ చూడొచ్చని 2018 అమెరికా మార్గదర్శకాలే చెప్పాయి.

ధమని: సున్నా అంటే పూడిక లేదని కాదండీ, సున్నం పట్టిన పూడిక కనపడలేదని. ఎల్‌డీఎల్ రేణువులు నాళం లోపలి పొరలోకి దూరి అక్కడే చిక్కుకుంటాయి. వాటిని మింగిన తెల్లకణాలు నురగ కణాలై ముద్దకడతాయి. ఆ కొవ్వు ముద్ద మీద పీచు పొర ఏర్పడుతుంది. సున్నం పట్టడం చాలా తర్వాతి సంగతి. పల్చటి పొర చిట్లితే రక్తం అక్కడే గడ్డకడుతుంది, గుండెపోట్లలో చాలావరకు అలాగే వస్తాయి. సగం కూడా మూసుకోని నాళంలోనూ ఇది జరగొచ్చు.

లెక్కలమాస్టారు: నిజమే. కానీ 58 ఏళ్లొచ్చేసరికి మెత్తని పూడిక గణనీయంగా ఉండి, ఎక్కడా సున్నం చుక్క లేకపోవడం అరుదు.

ధమని: 58కి ఒప్పుకుంటాను, 40కి ఒప్పుకోను. ఆ వయసులో సున్నా రావడం మామూలే, దాన్ని చూసి ధీమా పడకూడదు. పైగా మీ లెక్కలో నాన్-హెచ్‌డీఎల్ (మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది) 198 ఉంది, దాన్ని వదిలేశారు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నప్పుడు ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే పొరబడతాం. అపోబీ అనే రక్తపరీక్ష చేయిస్తే ఆ చెడు కొలెస్ట్రాల్ రేణువుల సంఖ్య తెలుస్తుంది. జీవితంలో ఒక్కసారైనా లైపోప్రోటీన్-ఎ (వారసత్వంగా వచ్చే, ఎల్‌డీఎల్ లాంటి రేణువు) చూడాలి. అది డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే నేను సున్నాను నమ్ముకుని కూర్చోను.

సన్నగీత: ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. స్టాటిన్ మొదలుపెట్టి రెండేళ్లకు మళ్లీ స్కాన్ తీయించి, ‘స్కోరు పెరిగింది, మందు పనిచేయట్లేదు’ అని మానేసేవాళ్లున్నారు. ఈ లెక్క తయారైన పద్ధతి చూడండి. 1990లో అగాట్‌స్టన్ బృందం పెట్టినది: 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలత) దాటిన మచ్చ వైశాల్యాన్ని దాని గరిష్ఠ సాంద్రతను బట్టి హెచ్చవేస్తారు. 130–199 అయితే 1తో, 200–299 అయితే 2తో, 300–399 అయితే 3తో, ఆపైన 4తో. స్టాటిన్ పూడికను గట్టిపరుస్తుంది, కాబట్టి మచ్చ అంతే ఉన్నా స్కోరు ఎక్కుతుంది. గట్టిపడిన పూడిక చిట్లే అవకాశం తక్కువే, అయినా దానికే మార్కులు ఎక్కువ! మందు వాడేవారికి కొలబద్ద ఎల్‌డీఎల్. మొదలెట్టిన 4–12 వారాల్లో మళ్లీ చూడాలి.

లెక్కలమాస్టారు: చాలా మంచి పాయింటు. మరి ఎల్‌డీఎల్ తగ్గకపోతే డోసు రెట్టింపు చేయడమేనా?

సన్నగీత: ముందు మాత్ర రోజూ వేసుకుంటున్నారా అని అడగాలి. థైరాయిడ్ పనితీరు మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చూడాలి. డోసు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే తగ్గుతుంది. స్టాటిన్ కాని మరో కొలెస్ట్రాల్ మందు ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలిపితే దాదాపు 20 శాతం తగ్గుతుంది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను.

ధమని: ఒక హెచ్చరిక. నడిస్తే ఛాతీ పట్టేసేవారికి ఈ చర్చ వర్తించదు. వాళ్లకు స్కోరు సున్నా వచ్చినా పరీక్షలు ఆపకూడదు.

లెక్కలమాస్టారు: అందులో వాదన లేదు. నా ఉదాహరణలో లైపోప్రోటీన్-ఎ మామూలుగా ఉంటే మాత్రం మాత్ర వద్దన్న మాట మీదే ఉన్నాను.

ధమని: నాన్-హెచ్‌డీఎల్ 198తోనా? నేను రోసువాస్టాటిన్ 10 ఇస్తాను.