మామిడి తోటలో పెళ్లి, నాలుగు వీల్‌చైర్లు: నేల, మండపం, ర్యాంపు కొలతలు ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: తోటపెళ్లి

మాఘమాసంలో మా బాబాయి కూతురి పెళ్లి. నూజివీడు దగ్గర మామిడి తోటలో, రాత్రి ముహూర్తం. బాబాయి వీల్‌చైర్ వాడతారు, కన్యాదానం ఆయన చేతుల మీదుగానే జరగాలి. వచ్చేవాళ్లలో ఇంకో ముగ్గురికి కూడా వీల్‌చైర్లున్నాయి, అందులో ఒకటి బ్యాటరీది.

కార్లు ఆగే చోటి నుంచి మండపానికి 120 అడుగులు, అక్కణ్ణుంచి భోజనాల పందిరికి 60. ఎర్రనేల, చెట్ల వరసల మధ్య గడ్డి, అక్కడక్కడా పాదుల గట్లు, డ్రిప్ పైపులు. షామియానా ఆయన్ని అడిగితే "గ్రీన్ మ్యాట్ పరిచేస్తాం, స్టేజీ రెండున్నర అడుగులు, పైకెక్కించడానికి నలుగురు కుర్రాళ్లుంటారు" అన్నాడు. అందరి ముందు ఎత్తించుకోవడం బాబాయికి బొత్తిగా ఇష్టం లేదు.

తోటలో బాత్రూములు లేవు, మొబైల్ టాయిలెట్లు తెప్పిస్తారట. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. కాగితం మీద ఏయే కొలతలు రాసివ్వాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: లెవెల్‌పైపు

అడ్వాన్సు ఇవ్వకపోవడం మంచిదైంది. ముందు గ్రీన్ మ్యాట్ సంగతి చూద్దాం. నేల ఎలా ఉంటే మ్యాట్ అలాగే ఉంటుంది, పైగా కింద గుంట ఉందో గట్టు ఉందో కనబడనివ్వదు. వీల్‌చైర్‌కి వెనక చక్రాలు పెద్దవి, వాటితో పేచీ రాదు. ముందువి 6 నుంచి 8 అంగుళాల చిన్న చక్రాలు, సన్నగా ఉంటాయి. మెత్తటి నేలలో అవి దిగబడగానే బండి టక్కున ఆగిపోతుంది, కూర్చున్న మనిషి ముందుకు తూలిపోతాడు. మాఘమాసం రాత్రి తొమ్మిది దాటితే మంచు పడి గడ్డి తడుస్తుంది, కాబట్టి పగలు చూసి బాగానే ఉందనుకోవద్దు.

ప్లైవుడ్ దారి వేయించండి. 8 అడుగులు × 4 అడుగుల షీట్లు, మందం 19 మిల్లీమీటర్లు ఉండాలి. 8 మిల్లీమీటర్లవి వేస్తే చక్రం కింద వంగుతాయి, వంగిన ప్రతిసారీ అతుకు దగ్గర ఒక అంచు పైకి లేస్తుంది, ముందు చక్రం సరిగ్గా అక్కడే కొట్టుకుంటుంది. షీట్లు పొడవునా పరిస్తే 120 అడుగులకు 15, భోజనాల వైపు 8. దారి మధ్యలో రెండు చోట్ల పక్కన ఇంకో షీటు కలపండి, ఎదురొచ్చేవాళ్లు తప్పుకోవడానికి. మండపం ముందు, భోజనాల పందిరి ముందు బండి తిప్పుకోవడానికి ఒక్కో షీటు ఎక్కువ. అంతా కలిపి 27. మూడు అదనంగా పెట్టి 30 షీట్లని రాయండి.

అతుకుల కింద 4 అంగుళాల వెడల్పు చెక్కపట్టీ పెట్టి రెండు షీట్లనీ దానికి స్క్రూలతో బిగించాలి. మేకులు కొట్టనివ్వొద్దు. నాలుగు బళ్లు, నాలుగొందల మంది నడిచేసరికి మేకు తల పైకి వస్తుంది, చీరలు చిరుగుతాయి, టైర్లు పంక్చరవుతాయి. దారి మొదట్లో 19 మిల్లీమీటర్ల మెట్టు మిగిలిపోతుంది, అక్కడ రేకుముక్క ఏటవాలుగా బిగించాలి. మీద కార్పెట్ వేయాలనుకుంటే పల్చనిది లాగి, స్టేపిల్ పిన్నులు దగ్గర దగ్గరగా కొట్టించండి. స్పాంజి ఉన్న మందపు కార్పెట్ మీద బండి తోసుకోవాలంటే భుజాలు పడిపోతాయి.

దారి వాలు మేస్త్రీ లెవెల్ పైపుతో చూడండి. 20 అడుగుల పొడవులో ఒక అడుగుకి మించి తేడా ఉండకూడదు. అడ్డవాలు అంతకన్నా ముఖ్యం. 4 అడుగుల వెడల్పులో అంగుళం దాటితే బండి పల్లం వైపు లాగేస్తూ ఉంటుంది, ఒక చేత్తోనే తోయాల్సి వస్తుంది. డ్రిప్ పైపుల్ని దారి కిందికి వచ్చే చోట మట్టి తీసి దించండి. జనరేటర్ కేబుళ్లు కూడా అంతే, ప్లైవుడ్ పడకముందే కింద నుంచి పోవాలి లేదా 8 అడుగుల ఎత్తున పైనుంచి. పెళ్లికి పది రోజుల ముందు నుంచి ఆ వరసల్లో నీళ్లు పెట్టొద్దని తోటవాళ్లకు చెప్పండి. షామియానా తాళ్లు, గూటాలు దారికి 3 అడుగుల లోపు రాకూడదు, చీకట్లో అవి కనబడవు.

ఇక స్టేజీ. ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల ర్యాంపు అన్నది కనీస లెక్క. రెండున్నర అడుగులకు 30 అడుగులు, మధ్యలో ఆగే చోటు 5 అడుగులు కలిపితే 35. మీ షామియానా ఆయన ఇంత పొడవు వేయడు, 10 అడుగుల్లో సరిపెట్టేస్తాడు. అంత నిటారు ర్యాంపు మీద వెనక నుంచి తోసినా బండి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. కనుక ర్యాంపు పెంచమని కాదు, స్టేజీ తగ్గించమని అడగండి. 6 అంగుళాల ఎత్తయితే 6 అడుగుల ర్యాంపు చాలు.

ర్యాంపు వెడల్పు 4 అడుగులు, పైన 5 × 5 అడుగుల చదును. రెండు అంచులకూ 3 అంగుళాల చెక్క అడ్డుపట్టీ, చక్రం జారిపోకుండా. కింద అడుగుకొక దూలం. బ్యాటరీ బండి, మనిషి, వెనక తోసేవాళ్లు కలిసి 250 కిలోలు దాటొచ్చు. ఫ్లెక్సీ, సన్‌మైకా లాంటి నున్నటివి ర్యాంపు మీద పరచొద్దు.

జవాబు 2: పందిట్లో పని

పై ఆయన నేల సంగతి చెప్పారు, నేను తంతు సంగతి చెబుతాను. ర్యాంపు సరిగ్గా వేసి, తీరా మండపంలోకి వెళ్లాక బండికి చోటు లేక ఆగిపోయే పెళ్లిళ్లే ఎక్కువ. మామూలు 10 × 10 మండపంలో పీటలు, హోమగుండం, పురోహితుడు, కెమెరా వాళ్లు పోగా మిగిలేది అడుగున్నర. వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి 5 అడుగులు కావాలి. 16 × 16 చెప్పండి, స్తంభాలు నాలుగు మూలలకే ఉండాలి.

అసలు చిక్కు కాళ్లు కడిగే చోట వస్తుంది. పెళ్లికొడుకు నేలమీద పీట మీద కూర్చుంటే, బాబాయిగారు వీల్‌చైర్‌లోంచి వంగి నేలదాకా చేయి చాపాలి. నేల నుంచి సుమారు 15 అంగుళాల ఎత్తు కన్నా కిందికి చేయి వెళితే తూలిపోయే ప్రమాదమే. అందుకని వధూవరుల పీటల్ని 18 అంగుళాల ఎత్తు బల్ల మీద వేయించండి, 8 అడుగులు × 5 అడుగులు. పెళ్లికొడుకు ఆ బల్ల మీద పీట వేసుకుని కూర్చుంటాడు, పాదాలు బల్ల అంచున ఇత్తడి పళ్లెంలో. పళ్లెం మావగారి మోకాళ్ల ఎత్తుకి వస్తుంది. కొబ్బరిబోండం, చెంబు, దర్భలు, పసుపు కుంకుమలూ అదే బల్ల మీద.

బల్ల ముందువైపు చెక్కతో మూసేయనివ్వొద్దు. వీల్‌చైర్ పాదాల పలకలు దాని కిందికి పోవాలి. కనీసం 10 అంగుళాల ఎత్తు, అడుగున్నర లోతు ఖాళీ ఉంచి, ముందు గుడ్డ వేలాడదీస్తే చాలు. డెకరేషన్ కుర్రాళ్లు అలవాటు కొద్దీ అక్కడే పూలకుండీలు పేరుస్తారు, ముందే చెప్పాలి.

వంగే ముందు ఇంకో చిన్న పని. వీల్‌చైర్‌ని ముందుకు తోసి ఆపితే ముందు చక్రాలు వెనక్కి తిరిగి ఉంటాయి, అప్పుడు ముందుకి వంగితే బండి లేస్తుంది. బల్ల దగ్గరికి కాస్త ఎక్కువగా వెళ్లి, నాలుగంగుళాలు వెనక్కి లాగి బ్రేకులు వేయండి. ముందు చక్రాలు ముందుకి తిరిగి బండి ఆనుకుని నిలబడుతుంది. వంగేటప్పుడు పాదాల పలకల మీద బరువు మోపకూడదు, అదీ గుర్తుంచుకోండి. పక్కన పిన్నిగారికి అదే ఎత్తులో చేతుల్లేని కుర్చీ వేయండి. చెంబుతో ధార పోసేటప్పుడు ఇద్దరి చేతులూ ఒక ఎత్తులో ఉంటాయి.

హోమగుండానికి బండి మూడడుగుల దూరంలో ఉండాలి. ఉత్తరీయం కొంగు చక్రాల చువ్వల్లోకి పోకుండా నడుముకి చుట్టి దోపాలి, పంచె అంచులు కూడా. తలంబ్రాల బియ్యం, అక్షింతలు ప్లైవుడ్ మీద పడితే చక్రాలు జారతాయి, కాబట్టి ఒకరు మెత్తటి చీపురుతో అక్కడే ఉండాలి. పురోహితుడితో వారం ముందే మాట్లాడండి. కుర్చీలో కూర్చుని సంకల్పం చెప్పించడానికి చాలామంది అభ్యంతరం పెట్టరు, అప్పటికప్పుడు పందిట్లో అడిగితేనే తర్జనభర్జన.

తోటపెళ్లి:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. స్టేజీ తగ్గిస్తే వెనక వరసలకు కనబడదని మా పెద్దనాన్న పట్టు. ఇంకోటి, ప్లైవుడ్ బదులు క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో వచ్చే రాతిపొడి) పోసి రోలర్ తిప్పితే చవకని ఒకాయన అంటున్నారు. నిజమేనా?

జవాబు 3: లెవెల్‌పైపు

పెద్దనాన్నగారికి లెక్క చెప్పండి. స్టేజీ 6 అంగుళాలు, దాని మీద బల్ల 18 అంగుళాలు, వెరసి రెండడుగులు. వధూవరులు దాదాపు పాత స్టేజీ ఎత్తులోనే కూర్చుంటారు. ఎత్తు కావాల్సింది పీటలకు, మండపం నేలంతటికీ కాదు. అయినా వెనకవాళ్లకు అడ్డొచ్చేది ఎప్పుడూ కెమెరా వాళ్ల వీపులే. వాళ్లకి ఓ పక్కన గీత గీసి దాటొద్దని చెప్పండి.

క్రషర్ డస్ట్ నేనైతే వద్దంటాను.

జవాబు 4: నూజివీడు రైతు

అంత కొట్టిపారేయక్కర్లేదు. 120 × 4 అడుగులు, 4 అంగుళాల మందం అంటే 160 ఘనపుటడుగులు. రోలర్‌తో తొక్కిస్తే అణుగుతుంది కాబట్టి రెండు యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) తోలించాలి. నాలుగైదు రోజుల ముందు పోసి, నీళ్లు చల్లి, రోలర్‌తో రెండు పొరలుగా తొక్కిస్తే గట్టిగా ఉంటుంది. ముందు రోజు పోసి చదును చేస్తే మాత్రం ఇసుకలో బండి తోసినట్టే. 20, 40 మిల్లీమీటర్ల కంకర అసలు వద్దు. కింద పాత పట్టా పరిచి పోస్తే తర్వాత ఎత్తేయడానికి వీలు. చెట్ల పాదుల్లోకి మాత్రం పోయొద్దు.

మీరు అడగని సంగతి ఒకటి. మాఘంలో మామిడి పూత మీద ఉంటుంది, తేనెమంచు పురుగుకి మందు కొట్టే కాలం అదే. మీరు వాడే వరసల్లో పెళ్లికి ఎప్పటిలోగా కొట్టడం ఆపాలో తోట యజమానితో ముందే అనుకోండి. వీల్‌చైర్‌లో కూర్చున్న మనిషి ముఖం కింది కొమ్మల ఎత్తులోనే ఉంటుంది. దారి మీదికి వంగిన కొమ్మల్ని తాళ్లతో పైకి కట్టించండి.

జవాబు 5: భోజనాల పందిరి

మొబైల్ టాయిలెట్ ఫోటో తెప్పించుకుని చూడండి. ఎక్కువ వాటికి రెండు మూడు మెట్లు, రెండడుగుల తలుపు, లోపల మూడడుగుల చోటు. వీల్‌చైర్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వాటిని మిగతా అతిథులకు ఉంచి, దారి పక్కనే రేకులతో 7 × 7 అడుగుల గది కట్టించండి. గుమ్మం 3 అడుగులు, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మెడికల్ షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ పెట్టండి, కూర్చునే ఎత్తు వీల్‌చైర్‌కి సమానంగా, 18, 19 అంగుళాలు. ఒక పక్క 3 అడుగులు ఖాళీ వదలాలి. ఏ పక్క అన్నది వాడేవాళ్లను అడిగి పెట్టండి, బలమున్న చేతివైపు నుంచి మారడం తేలిక. పట్టుకునే పైపుని రేకులకు కట్టకండి, ఊగుతుంది. రెండడుగులు భూమిలో పాతిన గుంజలకు బిగించాలి. యూరిన్ బ్యాగ్ ఉన్నవాళ్లు దాన్ని ఖాళీ చేసుకోవడానికి బకెట్, మగ్గు, సబ్బు, తగిలించడానికి ఒక కొక్కెం. లైటు రాత్రంతా వెలగాలి. తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

భోజనాలకు 30 అంగుళాల ఎత్తు టేబుళ్లు, కింద మోకాళ్లకు 27 అంగుళాలు ఖాళీ. ఫోల్డింగ్ టేబుళ్లలో కొన్నింటికి కాళ్ల మధ్య అడ్డపట్టీ ఉంటుంది, అవి పనికిరావు. వరస మధ్యలో కుర్చీలు తీసి చోటు చేయండి, చివర్లో ఒంటరిగా కూర్చోబెట్టకండి. మండపం ముందు కుర్చీల్లోనూ అంతే, ఒక్కో బండికి రెండు కుర్చీలు తీస్తే సరిపోతుంది. వడ్డన వరసల మధ్య 4 అడుగులు. బఫే అయితే ఒక కౌంటరైనా 30 అంగుళాల్లో పెట్టించండి, మామూలు కౌంటర్లలో గిన్నె అడుగు కూడా కనబడదు.

బ్యాటరీ బండికి ఛార్జింగ్ ముందు రాత్రే ఇంటి దగ్గర నింపుకుని రమ్మనండి. తోటలో పెట్టాల్సి వస్తే ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు ఇవ్వాలి. ఆ బండిని ఎవరూ ఎత్తడానికి ప్రయత్నించొద్దు.

లెవెల్‌పైపు:

ఒక్క మాట కలుపుతాను. పెళ్లికి ముందు రోజు చీకటి పడ్డాక, దారి మీద రెండు బిందెల నీళ్లు చల్లి, వీల్‌చైర్‌లో బరువైన మనిషిని కూర్చోబెట్టి కార్ల దగ్గర్నుంచి మండపం, భోజనాలు, బాత్రూము అన్నీ తిప్పించండి. ఖాళీ బండి తోస్తే ఏ లోపమూ బయటపడదు. షామియానా ఆయన, స్క్రూ డ్రైవరుతో సహా, అక్కడే ఉండాలి. మిగతా డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.