పాత స్టేడియంను బైపాస్ అవతలికి తీస్కపోవుడా, ఉన్నచోటనే బాగుచేసుడా?

ఊరి_మైదానం:
ఉమ్మడి వరంగల్ జిల్లాలో మా పట్టణం స్టేడియం బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉంటది. గ్యాలరీ కింది దిక్కు పెచ్చులూడి చువ్వలు కనబడుతున్నయ్. సింథటిక్ ట్రాక్ మీద ఒకటో లేన్‌లో అక్కడక్కడ బొబ్బలు లేచినయ్. వానొస్తే 200 మీటర్ల స్టార్ట్ ఉండే వంపు దగ్గర రెండు రోజులు నీళ్లు నిలుస్తయ్. ఇప్పుడు దీన్ని కూలగొట్టి, బైపాస్ పక్కన 12 ఎకరాల్లో కొత్తది కడదామంటున్నరు. పొద్దుగాల అయిదున్నరకు సైకిళ్ల మీద వచ్చే పిల్లలు అంత దూరం ఎట్ల పోతరు? పాతది నిలబడతదా లేదా అన్నది ఏ పరీక్షలతో తేలుతది? 12 ఎకరాలు సరిపోతయా?

కాంక్రీట్_మేస్త్రి:
అన్నా, ముందు గ్యాలరీని, మైదానాన్ని వేర్వేరుగా చూడండి. గ్యాలరీ పోయినంత మాత్రాన మైదానం పోయినట్టు కాదు.

గ్యాలరీ మెట్టు అంటే కింది గదులకు పైకప్పు. మెట్ల అతుకుల్లోంచి ఏటా వాన నీళ్లు దిగి చువ్వకు తుప్పు పడతది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరింతల జాగా అడుగుతది, ఆ ఒత్తిడికే పైనున్న కాంక్రీట్ పగిలి రాలుతది. కాబట్టి ఊడిన చోటొక్కటే చూస్తే చాలదు. చిన్న సుత్తితో మొత్తం కొట్టుకుంటూ పోయి, డొల్ల శబ్దం వచ్చిన ప్రతి చోటా సుద్దతో గీత గీయండి. ఆ గీతలు ఎంత మేర పాకినయో చూస్తేనే సగం సంగతి అర్థమయితది.

తర్వాత కాంక్రీట్‌ను తాజాగా పగలగొట్టి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాలి. గులాబీ రంగు వస్తే చువ్వకు ఇంకా రక్షణ ఉన్నట్టు. రంగు రాని మందం చువ్వ దాకా పోయిందంటే ఆ రక్షణ అయిపోయినట్టే. రీబౌండ్ హ్యామర్ (కాంక్రీట్ పైపొరకు తాకించి గట్టితనం చూసే పరికరం) రీడింగ్ ఒక్కదాన్నే నమ్మి రిపోర్ట్ రాస్తే ఒప్పుకోకండి. పాత కాంక్రీట్ పైపొర గాలికి గట్టిపడి ఉంటది, లోపల బలం లేకున్నా రీడింగ్ ఎక్కువ చూపెడతది. కోర్లు, అంటే డ్రిల్లుతో గుండ్రటి కాంక్రీట్ ముక్కలు తీయించి బలం పరీక్ష చేయించాల్సిందే. కాంక్రీట్ పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మూడు కోర్ల సగటు అనుకున్న గ్రేడ్‌లో 85 శాతానికి తగ్గొద్దు, ఏ ఒక్కటీ 75 శాతం కిందికి పోవద్దు.

చువ్వను తీగ బ్రష్‌తో గీకి వెర్నియర్ పెట్టి కొలవండి. 16 మి.మీ. చువ్వ 14కు వచ్చిందంటే చూపుకు చిన్న తేడానే, కానీ అడ్డుకోతలో 23 శాతం పోయింది. అక్కడ కొత్త చువ్వ కలపకుండా పూత పూస్తే లాభం లేదు.

రిపేర్లో ఎప్పుడూ జరిగే తప్పు తుప్పు మీదనే సిమెంట్ మెత్తడం. రెండు వానాకాలాల్లో మళ్లీ ఊడతది. ముందు జాకీలు పెట్టి బరువు తీసేయాలి. చువ్వ వెనక వేలు దూరేంత, అంటే 20-25 మి.మీ. దాకా చెక్కాలి, చువ్వ మెరిసేదాకా గీకి జింక్ ప్రైమర్ కొట్టాలి, ఆపైన పాలిమర్ మోర్టార్ వేయాలి, దెబ్బ లోతుగా ఉంటే మైక్రో కాంక్రీట్ పోయాలి. పైన మెట్ల అతుకులు మూయకపోతే కింద చేసిందంతా వృథా. పునాది కుంగి దూలాల మీద ఏటవాలు పగుళ్లు వస్తే మాత్రం కూల్చాలి. అప్పుడు కూడా కూల్చేది గ్యాలరీనే.

లేన్_8:
బొబ్బను కత్తితో కోసి చూడండి. కింద తారు పొర గట్టిగా, పొడిగా ఉంటే ఆ ముక్క తీసి అతికించొచ్చు. తడిగా ఉండి గోటికి రాలుతుంటే కింది నుంచి నీళ్లు ఎక్కుతున్నయన్నట్టు, అప్పుడు పైన 13 మి.మీ. పొర కొత్తగా వేసినా డబ్బు మట్టిపాలే.

నీళ్లు నిలిచే చోట 4 మీటర్ల రూళ్లకర్ర పెట్టి కింద సందు కొలవండి. 6 మి.మీ. దాటొద్దు. ట్రాక్ లోపలి అంచు దిక్కు వాలు ఉంటది, 1 శాతం మించొద్దు. నీళ్లన్నీ లోపలి మోరీలోకే రావాలె. ఎనిమిది లేన్ల ట్రాక్, నడుమ మైదానం కలిపి సుమారు 14,500 చదరపు మీటర్లు. 50 మి.మీ. వాన పడితే 7 లక్షల లీటర్ల పైనే. మోరీ జాలీ కింద ఇసుక, గడ్డి పేరుకుంటే ఆ నీళ్లు ఎటు పోతయ్? ముందు అది తీయించి, ఒక ట్యాంకర్ నీళ్లు వదిలి చూడండి.

ఇంకో మాట, ఇది మనసుకు కష్టమయ్యే మాట. స్టేడియంలో సభ పెట్టినప్పుడు షామియానా గుంజలు ట్రాక్‌లోకి దించుతరు. ఒక్కో రంధ్రం తారు పొర దాకా నీళ్లకు దారి. జనరేటర్ డీజిల్ కారితే తారు మెత్తబడి ఊడొస్తది. కొత్త స్టేడియం కట్టినా ఇది ఆపకపోతే అదే గతి. నడకకు వచ్చేవాళ్లను 7, 8 లేన్లకు పంపండి, ఒకటో లేన్ సగం మిగులుతది.

గొలుసు_కొలత:
12 ఎకరాలు సరిపోతాయా అంటే, విస్తీర్ణం కంటే ఆకారం ముఖ్యం. 400 మీటర్ల ట్రాక్ బయటి అంచుల కొలత సుమారు 177 మీటర్లు × 92.5 మీటర్లు, అంటే 4 ఎకరాలు. పొడుగు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, లేకపోతే సాయంత్రం ఎండ కంట్లో కొడుతుంది. ప్రధాన గ్యాలరీ పడమర వైపు రావాలి. బైపాస్ తూర్పు పడమరగా పోతూ, స్థలం దాని వెంట బారుగా ఉండి, లోతు 150 మీటర్లే ఉంటే 20 ఎకరాలున్నా ట్రాక్ సరిగ్గా పట్టదు. పార్కింగ్‌కు దారితో కలిపి కారుకు 25 చదరపు మీటర్లు వేసుకోండి, 200 కార్లకే ఎకరంపావు.

రెండోది శికం, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూమి. ఊరి బయట ఒకేచోట ఖాళీగా కనబడే ప్రభుత్వ భూమి చాలాసార్లు చెరువు శికమో, దాని పక్కదో అయి ఉంటుంది. ఎండాకాలం చూసి మోసపోవద్దు. పహాణీ, గ్రామ నక్షా తీసి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) గీత ఎక్కడుందో చూడండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత దాటాక ఇంకో 30 మీటర్లు వదలాలి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మధ్య బతుకుతున్నాం, పై చెరువు అలుగు పారితే నీళ్లు ఎటు వస్తాయో ఆ ఊరి రైతును అడిగితే చెప్తాడు.

నల్లరేగడి అయితే ఇంకో ఖర్చు. తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, ట్రాక్ అలలుగా లేస్తుంది. మీటరు లోతు దాకా తీసి మొరం నింపి పొరపొరగా రోలర్ తొక్కించాలి. ట్రాక్ జాగాకే 16,000 ఘనపు మీటర్ల మట్టి.

స్టార్టర్_పిస్టల్:
నేను తరలింపు వైపే. పెద్ద పోటీలకు పక్కనే వార్మప్ ట్రాక్ కావాలె, జావెలిన్, హ్యామర్ వేసేటప్పుడు జనం లోపలికి రావొద్దు. ఊరి నడుమ అది కష్టం.

లేన్_8:
హనుమకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) ఊరి నడుమనే ఉంది. 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడనే జరిగినయ్. త్రోలకు వేరే వేళ పెట్టి గేట్లు మూస్తే సరిపోతది. పెద్ద పోటీ ఏడాదికి నాలుగు రోజులు, ప్రాక్టీస్ 300 రోజులు. బైపాస్ దగ్గర కొత్తది కావాలంటే కట్టనీయండి, కానీ పాతదాన్ని అమ్మి కాదు. తెల్లారుగట్ల ఊరి బయటికి బస్సు లేకపోతే ముందు ఆగిపోయేది ఆడపిల్లలే.

ఊరి_మైదానం:
సుత్తి, సుద్ద పని ఈ వారమే మొదలుపెడతం. హాఫ్ సెల్ పరీక్ష కూడా చేయిస్తమని ఒక ఇంజినీర్ అంటున్నడు, అవసరమా?

కాంక్రీట్_మేస్త్రి:
అవసరమే. పెచ్చు ఊడని చోట లోపల తుప్పు నడుస్తుందో లేదో అదే చెప్తది. మైనస్ 350 మిల్లీవోల్ట్‌లు దాటిన చోట తుప్పు నడుస్తున్నట్టే అనుకోండి. ఒక చోట చువ్వను బయటపెట్టి వైరు గట్టిగా బిగించాలి, కాంక్రీట్‌ను ముందే తడపాలి. ఎండిన కాంక్రీట్ మీద పెడితే రీడింగ్ నిలబడదు, తప్పుడు ధైర్యం ఇస్తది.